స్వెత్లానా, శ్వేత: ఒక పేరు చరిత్ర

ఖమ్మం, సత్తుపల్లి పట్టణముల నడుమ, భద్రాచలం అడవుల దారిలో పెనుబల్లి అను ఊరు కలదు. ఆ ప్రాంతమున తెలుగు, కోయ, లంబాడీ భాషలు ఇరుగుపొరుగున వినబడుచుండును. జనుల పేర్లును అట్లే కలగలసి యుండును. భద్రాచల రాముని తలచి పెట్టిన సీత, రాములు ఒక వైపు. మేడారము దేవతలను తలచి పెట్టిన సమ్మక్క, సారక్క ఒక వైపు. వీటి ప్రక్కనే స్టాలిన్, లెనిన్, నటాషా, స్వెత్లానా అను పేర్లు కూడ ఖమ్మం సీమలో వినబడుట కద్దు.

ఈ చివరి పేర్లు ఇక్కడికి ఎట్లు వచ్చినవో ఊహించుట కష్టము కాదు. 1946 నుండి 1951 వరకు జరిగిన తెలంగాణ సాయుధ పోరాటమున ఖమ్మం ప్రాంతము ముఖ్యమైన పాత్ర వహించినది. తరువాతి దశాబ్దములలో మాస్కో నగరమున తెలుగులో అచ్చయిన పుస్తకములు తక్కువ వెలకు మన పల్లెలకు చేరినవి. ఉప్పల లక్ష్మణరావు వంటి రచయితలు మాస్కోలోనే నివసించి రష్యన్ గ్రంథములను తెలుగు చేసిరి. అవి చదివిన తల్లిదండ్రులు కొందరు, అందలి పేర్లు తమ బిడ్డలకు పెట్టుకొనిరి.

స్వెత్లానా అను బాలిక ఒకనాడు తరగతిలో లేచి, “నా పేరునకు అర్థమేమి?” అని అడిగినదనుకొందము. ఉపాధ్యాయుడు ఏమి చెప్పవలెను? సామాన్యముగా రెండు సమాధానములు వినవచ్చును. “అది పరాయి దేశపు పేరు, మన భాషలో దానికి అర్థము లేదు” అనునది మొదటిది. “అది మన శ్వేతయే, సంస్కృతము రష్యాకు పోయి అట్లు మారినది” అనునది రెండవది. మొదటి సమాధానము ఆ బాలికను చిన్నబుచ్చును. రెండవది ఆమెను సంతోషపెట్టును. కాని రెండును తప్పే. సరియైన సమాధానము ఈ రెండింటి కంటెను ఆసక్తికరమైనది. దానిని చేరుటకు ముందు ఆ పేరు పుట్టుక ఎట్టిదో తెలిసికొనవలెను.

కవి కల్పించిన పేరు

స్వెత్లానా అను పేరు వినగానే అది అనాదిగా స్లావ్ జాతుల ఇండ్లలో వాడుకలో నున్నదని తోచును. నిజమునకు దానికి రెండు వందల ఏండ్ల పై చిల్లర వయస్సు మాత్రమే కలదు. 1802లో అలెగ్జాండర్ వస్తోకోవ్ అను రష్యన్ కవి, పాతకాలపు రష్యాను ఊహించి ఒక కథాకావ్యము వ్రాసెను. అందలి నాయకుడు మిస్తిస్లావ్, నాయిక స్వెత్లానా. నాయకునిది నిజముగా ప్రాచీనమైన పేరు. నాయిక పేరు మాత్రము కవి కల్పించినది. ‘స్వెత్లీ’ అనగా కాంతి గలది. దానికి ‘మిలానా’ వంటి స్లావ్ పేర్లలో వినబడు ‘ఆనా’ అను ప్రత్యయమును చేర్చి ఆయన ఈ పేరును తయారు చేసెను.

వస్తోకోవ్ జీవితములోనే పేర్లకు సంబంధించిన ఒక విశేషము కలదు. ఆయన 1781లో బాల్టిక్ సముద్రములోని సారెమా ద్వీపమున జన్మించెను. అది నేడు ఎస్టోనియా దేశములోనిది. చిన్ననాట ఆయన ఇంటిపేరు ఓస్టెనెక్ అను జర్మన్ పదము. జర్మన్ భాషలో ‘ఓస్ట్’ అనగా తూర్పు. రష్యన్ భాషలో తూర్పునకు ‘వస్తోక్’ అని పేరు. ఆయన తన జర్మన్ ఇంటిపేరును రష్యన్ లోనికి మార్చుకొని వస్తోకోవ్ అయ్యెను. నత్తి చేత నలుగురిలో మాటలాడుటకు ఇబ్బందిపడిన ఈ మనుష్యుడు, మాటల చరిత్రను పరిశోధించుటలో తన దేశమునకు మార్గదర్శకుడైనాడు. ఆ సంగతి ముందు చూతము.

స్వెత్లానా పేరును ఇంటింటికి తెలియజేసిన కవి వేరొకడు. వసీలీ జుకోవ్‌స్కీ అను ప్రసిద్ధ కవి 1813లో ‘స్వెత్లానా’ అను గాథాకావ్యమును ప్రకటించెను. చలికాలపు పండుగ రాత్రి కన్నెపిల్లలు చేరి తమ పెండ్లి జోస్యము చూచుకొనుట రష్యాలో ఆచారము. నాయిక దీపము, అద్దము ముందు పెట్టుకొని ఒంటరిగా కూర్చుండును. దూరదేశమునకు పోయిన ప్రియుడు శవమై కనబడినట్లు భయంకరమైన కల వచ్చును. తెల్లవారి లేచి చూచుసరికి అతడు క్షేమముగా ఇంటికి వచ్చును. చీకటితో మొదలై వెలుగుతో ముగియు కథకు ‘వెలుగు’ అను పేరు గల నాయిక చక్కగా కుదిరినది. ఆ కావ్యము బడిపిల్లలకు కూడ కంఠస్థమయ్యెను. పుష్కిన్ మహాకవి తన ‘యెవ్గెనీ అన్యేగిన్’ కావ్యములో ఒక అధ్యాయమునకు దీనినుండి ముఖవాక్యమును గ్రహించెను.

నౌకకు పెట్టవచ్చును, బిడ్డకు పెట్టరాదు

ఇంత పేరుపొందిన పేరు గదా, ఇక తల్లిదండ్రులు తమ ఆడపిల్లలకు దీనిని పెట్టుకొనియుందురని ఎవరైనను అనుకొందురు. అట్లు జరుగలేదు.

988లో కీవ్ రాజైన వ్లదీమిర్ క్రైస్తవ మతమును స్వీకరించినది మొదలు, తూర్పు స్లావ్ దేశములలో పేర్ల పద్ధతి మారిపోయినది. బిడ్డకు జ్ఞానస్నానము చేయించునపుడు, చర్చి పంచాంగములో ఉన్న పుణ్యపురుషుల, పుణ్యస్త్రీల పేర్లలో ఒకదానిని పెట్టవలెను. వ్లదీమిర్ నాయనమ్మయైన ఓల్గా రాణి అంతకు ముందే క్రైస్తవ మతము పుచ్చుకొని, యెలేనా అను గ్రీకు పేరును పొందినది. ఓల్గా అను పేరు సైతము స్లావ్ పదము కాదు. ఉత్తర ఐరోపాలోని నార్స్ భాషకు చెందిన ‘హెల్గా’ అను పేరే అట్లు మారినది. ఈ విధముగా, నేడు మనకు అచ్చమైన రష్యన్ పేర్లుగా తోచునవి అనేకము రష్యన్ పదములు కావు. నటాషా అనునది నతాలియాకు ముద్దుపేరు. అది జన్మను తెలుపు లాటిన్ పదమునుండి పుట్టినది. యెకతెరీనా, యెలేనా గ్రీకు పేర్లు. ప్రాచీన స్లావ్ స్త్రీ నామములలో ల్యుద్మీలా వంటివి కొన్ని మాత్రమే, ఆ పేరు గల స్త్రీ పుణ్యస్త్రీగా గణింపబడుట చేత, పంచాంగములో నిలిచినవి. ల్యుద్మీలా అనగా ‘జనులకు ప్రియమైనది’.

స్వెత్లానా అను పుణ్యస్త్రీ ఎవరును లేరు. ఆ పేరు కవి కల్పన గదా! అందుచేత జ్ఞానస్నానమున ఆ పేరు పెట్టుటకు వీలు లేకపోయెను. ఇంటిలో ముద్దుగా పిలుచుకొనవచ్చును గాని, చర్చి పుస్తకములో వ్రాయరాదు. జననముల లెక్క అంతయు చర్చి పుస్తకములలోనే ఉండెడిది కావున, అందులో లేని పేరు ప్రభుత్వమునకు కూడ లేనట్లే.

ఇందలి విచిత్రమేమనగా, బిడ్డకు పెట్టరాని ఈ పేరును యుద్ధనౌకకు పెట్టుటకు అభ్యంతరము లేకపోయెను. 1858లో జలప్రవేశము చేసిన ఒక రష్యన్ యుద్ధనౌకకు స్వెత్లానా అని పేరు. అదే పేరు గల మరియొక నౌక 1905లో జపానుతో జరిగిన త్సుషీమా యుద్ధములో మునిగిపోయినది. 20వ శతాబ్ది తొలినాళ్ళలో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరములో విద్యుద్దీపములు తయారు చేయు కర్మాగారము కూడ ఈ పేరునే తీసికొన్నది. వెలుగునిచ్చు దీపమునకు వెలుగు అను పేరు తగినదే గదా! నౌక, దీపము స్వెత్లానా కాగలిగినవి. ఆడపిల్ల మాత్రము కాలేకపోయినది.

1917లో రష్యాలో విప్లవము వచ్చినది. ఆ సంవత్సరము డిసెంబరులో క్రొత్త ప్రభుత్వము వివాహములను, జననములను నమోదు చేయు అధికారమును చర్చి నుండి తీసికొని పౌర కార్యాలయములకు అప్పగించినది. అప్పటినుండి తల్లిదండ్రులు తమకు తోచిన పేరు పెట్టుకొనుటకు స్వేచ్ఛ కలిగెను. కొందరు ‘లెనిన్’ పేరును తలక్రిందులుగా వ్రాసి ‘నినెల్’ అని ఆడపిల్లలకు పెట్టిరి. వ్లదీమిర్ లెనిన్ అను పేరులోని మొదటి అక్షరములు చేర్చి ‘వ్లాద్లెన్’ అని మగపిల్లలకు పెట్టిరి. ఇట్టి పేర్లలో అనేకము కాలక్రమమున వాడుక తప్పినవి. నూరేండ్లకు పైగా వాకిట నిలిచియున్న స్వెత్లానా మాత్రము ఇంటిలోనికి వచ్చి స్థిరపడినది. తరువాత చర్చి కూడ దీనిని ‘ఫొతీనియా’ అను గ్రీకు పేరునకు సమానముగా అంగీకరించినది. గ్రీకు భాషలో ‘ఫోస్’ అనగా వెలుగు. ఫొటో అను మాటలో మనము నిత్యము వాడునది అదియే.

ఈ పేరు గల వారిలో మన దేశమునకు సంబంధించిన వారు కూడ కలరు. స్టాలిన్ కుమార్తె స్వెత్లానా అల్లిలూయెవా 1926లో జన్మించినది. ఆమె 1966 డిసెంబరులో, తన జీవిత సహచరుడైన బ్రజేశ్ సింగ్ అస్థికలను తీసికొని ఉత్తరప్రదేశ్ లోని కాలాకాంకర్ గ్రామమునకు వచ్చినది. 1967 మార్చిలో ఢిల్లీ లోని అమెరికా రాయబార కార్యాలయమున ఆశ్రయము కోరినది. స్వెత్లానా సవీత్‌స్కయా 1982లో, రోదసికి వెళ్ళిన రెండవ మహిళ. 1984 జూలై 25న సాల్యూత్-7 కేంద్రము వెలుపలికి వచ్చి, రోదసిలో నడచిన మొదటి మహిళ యైనది. అదే కేంద్రములో అంతకు మూడు నెలల ముందు, 1984 ఏప్రిల్ లో, మన రాకేశ్ శర్మ నివసించెను. బెలారూస్ రచయిత్రి స్వెత్లానా అలెక్సియేవిచ్ 2015లో సాహిత్యమునకు నోబెల్ బహుమానము పొందినది.

స్వెత్ – శ్వేత

ఇక పేరు మూలమునకు వత్తము. రష్యన్ భాషలో ‘స్వెత్’ అనగా వెలుగు. స్వెత్లానాను ఇంటిలో ‘స్వెతా’ అని ముద్దుగా పిలుచుదురు. మన శ్వేతకు, వారి స్వెతాకు చెవికి వినబడు భేదము అత్యల్పము. అర్థమున కూడ తెలుపు, వెలుగు దగ్గరి బంధువులే. ఈ పోలిక కాకతాళీయమా, లేక నిజమైన చుట్టరికమా?

భాషాశాస్త్రజ్ఞుడు ఒక జత మాటలు చూచి తీర్పు చెప్పడు. ఒక భాషలోని ధ్వనికి రెండవ భాషలో ఏ ధ్వని వచ్చుచున్నదో, అది ఇతర పదములలో కూడ అట్లే వచ్చుచున్నదో లేదో పరీక్షించును. రసాయన శాస్త్రజ్ఞుడు ఒకే ప్రయోగమును పలుమారు చేసి ఫలితము ఒకటేనా అని చూచునట్లే ఇదియును.

సంస్కృతములో ‘శ’కారము ఉన్న చోట రష్యన్ లో ‘స’కారము ఉన్నదేమో చూతము. సంస్కృతమున నూరు ‘శతము’. రష్యన్ లో ‘స్తొ’. సంస్కృతమున పది ‘దశ’. రష్యన్ లో ‘దేస్యత్’. సంస్కృతమున కీర్తికి ‘శ్రవస్’ అని పేరు. రష్యన్ లో ‘స్లావ’. ఈ చివరి జత మిక్కిలి ముచ్చటైనది. మహాభారతములోని భూరిశ్రవుడు మనకందరకు తెలిసినవాడే. ‘గొప్ప కీర్తి గలవాడు’ అని ఆ పేరునకు అర్థము. మిస్తిస్లావ్, వ్యాచెస్లావ్, యారొస్లావ్ అను పేర్లలో చివరనున్న ‘స్లావ్’ కూడ అదే కీర్తి. కురుక్షేత్రమున పోరిన వీరుని పేరును, కీవ్ రాజుల పేర్లును ఒకే అచ్చున పోసినవి.

కావున స్వెత్, శ్వేతల పోలిక ఒంటరి పోలిక కాదు. ‘శ’కు ‘స’, ‘వ’కు ‘వ’, ‘ఏ’కు ‘ఎ’, ‘త’కు ‘త’: ప్రతి ధ్వనియు నియమము ప్రకారము సరిపోవుచున్నది. ఇదే ధ్వని లాటిన్ లో ‘క’గాను, జర్మన్, ఇంగ్లీషు మొదలగు భాషలలో ‘హ’గాను ఉండును. శతమునకు లాటిన్ లో ‘కెంతుమ్’, ఇంగ్లీషులో ‘హండ్రెడ్’. అట్లయినచో శ్వేతకు ఇంగ్లీషులో ‘హ్వ’ శబ్దముతో మొదలగు మాట ఉండవలెను. ఉన్నది. తెలుపునకు ప్రాచీన ఇంగ్లీషు రూపము ‘హ్వీట్’. అదియే నేటి ‘వైట్’. చివరి హల్లు కొంచెము భేదించుటకు కారణము, ఆ ధాతువునకు ‘త’కారాంతము, ‘ద’కారాంతము అను రెండు రూపములుండుటయే. ఇంగ్లీషు ‘వైట్’ రెండవ దానినుండి వచ్చినది.

మరియొక సొగసైన పోలిక. రష్యన్ లో ‘స్వెత్’ అను మాటకు వెలుగు అనియే కాక ప్రపంచము అని కూడ అర్థము కలదు. వెలుగు పడినపుడే గదా ప్రపంచము కంటికి కనబడుట! మన ‘లోకము’ అను మాట చరిత్రయు ఇట్టిదే. ఆలోకము, లోచనము అను మాటలలో కాంతికి, చూపునకు సంబంధించిన ధాతువే లోకములోను ఉన్నది. రెండు భాషలు వేర్వేరు ధాతువులతో ఒకే భావమార్గమున నడచినవి.

తల్లీకూతుళ్ళు కారు, అక్కచెల్లెండ్రు

చుట్టరికము నిజమని తేలినది. మరి సంస్కృతమే రష్యాకు పోయి అట్లు మారినదా? దీనికి కూడ ఊహలతో పనిలేదు, పరీక్ష కలదు.

పదిని సంస్కృతము ‘దశ’ అనును. రష్యన్ ‘దేస్యత్’, లాటిన్ ‘దెకెమ్’. ఎనిమిదిని సంస్కృతము ‘అష్ట’ అనును. ప్రాచీన స్లావ్ ‘ఒస్మి’, లాటిన్ ‘ఒక్తో’. మొదటి పదమున సంస్కృతము ‘అ’ అనుచోట మిగిలిన రెండును ‘ఎ’ అనుచున్నవి. రెండవ పదమున సంస్కృతము మరల ‘అ’ అనుచోట, మిగిలినవి ‘ఒ’ అనుచున్నవి. స్లావ్ భాష సంస్కృతమునుండి పుట్టినదైనచో, ఒకే ‘అ’కారమును ఏ మాటలో ‘ఎ’గా మార్చవలెనో, ఏ మాటలో ‘ఒ’గా మార్చవలెనో దానికి ఎట్లు తెలిసినది? అందును, దూరముననున్న లాటిన్ ఏ మాటలో ఎట్లు చేసినదో సరిగా అట్లే ఎట్లు చేయగలిగినది? కలిసిపోయిన పాలను, నీళ్ళను మరల విడదీయుట వంటి పని యిది. దీనికి సులభమైన సమాధానము ఒక్కటే. మూలభాషలో ‘ఎ’, ‘ఒ’ వేర్వేరుగా ఉండెను. స్లావ్, లాటిన్ ఆ భేదమును నిలుపుకొన్నవి. సంస్కృతము రెండింటిని ‘అ’లో కలిపివేసినది. కొన్ని ఇతర విషయములలో సంస్కృతము నిలుపుకొన్న ప్రాచీనతను స్లావ్ భాష పోగొట్టుకొన్నది. కావున ఇవి తల్లీకూతుళ్ళు కావు, అక్కచెల్లెండ్రు. ఆ తల్లి భాషకు ఇండో-యూరోపియన్ మూలభాష అని శాస్త్రజ్ఞులు పేరు పెట్టిరి.

మోసగించు పోలిక

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. రష్యన్ లో తెలుపునకు ‘బేలి’ అని మాట. బెలారూస్ అను దేశము పేరులోను, ‘తెల్లకోట’ అను అర్థము గల బెల్‌గ్రేడ్ పేరులోను అదియే ఉన్నది. మన పొరుగున కన్నడములో వెండిని ‘బెళ్ళి’ అందురు. వెలుగును ‘బెళకు’ అందురు. బేలి, బెళ్ళి! స్వెత్, శ్వేతల కంటె ఈ పోలిక తక్కువైనదా? కన్నడము కూడ రష్యన్ భాషకు చుట్టమనవలెనా?

మరల నియమమునే అడుగవలెను. కన్నడములోని ‘బ’కారము ఎక్కడిది? విల్లును కన్నడిగులు ‘బిల్లు’ అందురు. వేరును ‘బేరు’ అందురు. తమిళములో అవి ‘విల్’, ‘వేర్’. పదాదిని ద్రావిడ మూలభాషలోని ‘వ’కారము కన్నడములో ‘బ’కారమైనదని దీనివలన తెలియుచున్నది. కావున బెళ్ళికి అసలు రూపము ‘వ’కారముతో మొదలైనదే. తమిళములో వెండి ‘వెళ్ళి’. మన తెలుగులో వెండి, వెల్ల, వెలుగు, వెన్నెల అను మాటలన్నియు ఆ ధాతువు సంతానమే. రష్యన్ లోని ‘బ’కారమో, సంస్కృతములోని ‘భ’కారమునకు సమానము, ‘భ్రాతృ’ శబ్దమునకు రష్యన్ లో ‘బ్రాత్’, సోదరుడు. ఒకటి ‘వ’ నుండి, ఒకటి ‘భ’ నుండి వేర్వేరు దారుల వచ్చి, ‘బ’కారము వద్ద దారిలో కలిసిన ఇద్దరు బాటసారుల వంటివి ఈ మాటలు. ముఖములు పోలినవే గాని ఇంటిపేర్లు వేరు.

ఇందువలన తేలునదేమనగా, చెవికి వినబడు పోలిక చుట్టరికమునకు సాక్ష్యము కాదు. క్రమము తప్పని భేదమే సాక్ష్యము. ‘ప్రపంచ భాషలన్నియు మా భాషనుండియే పుట్టినవి’ అని చాటు పుస్తకములు ప్రతి దేశమునను కలవు. అవి పోలికలను మాత్రమే ఏరి చూపును, నియమమును చూపజాలవు. విద్యార్థి అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: “ఈ మార్పు ఇంకెన్ని మాటలలో ఇట్లే జరిగినది?”

మద్రాసులో జరిగిన ఒక పరిశోధన

ఈ శాస్త్రము పుట్టిన కాలమున తెలుగు భాషకు కూడ అందులో గౌరవస్థానము కలదు. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృతము, గ్రీకు, లాటిన్ ఒకే మూలమునుండి వచ్చియుండునని ఉపన్యసించెను. గోథిక్, కెల్టిక్, ప్రాచీన పారశీకములను కూడ వాటితో చేర్చెను. ఆ ప్రసిద్ధ వాక్యములో స్లావ్ భాషల ప్రసక్తి లేదు. 1816లో జర్మన్ పండితుడు ఫ్రాంజ్ బాప్ ఈ భాషల క్రియారూపములను పోల్చి గ్రంథము ప్రకటించెను. 1820లో స్లావ్ భాషల ధ్వనులను శాస్త్రీయముగా పోల్చి ప్రసిద్ధమైన వ్యాసమును ప్రకటించినవాడు ఎవరో కాదు, పద్దెనిమిదేండ్ల క్రిందట స్వెత్లానా పేరును కల్పించిన వస్తోకోవ్. యౌవనమున పేరును సృష్టించిన మనుష్యుడే, నడివయస్సున ఆ పేరు చుట్టరికమును కనుగొను శాస్త్రమునకు తన దేశమున పునాది వేసెను.

బాప్ గ్రంథము వెలువడిన ఆ 1816లోనే మద్రాసులో మరియొక గొప్ప సంగతి జరిగినది. క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణమునకు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక ప్రమాణ వ్యాసమును చేర్చెను. తెలుగులో సంస్కృత పదములు ఎన్ని ఉన్నను, ధాతువులు వేరని, తెలుగు, తమిళము, కన్నడములు సంస్కృతమునుండి పుట్టక తమలో తాము ఒక కుటుంబముగా ఏర్పడినవని అందు నిరూపించెను. సెయింట్ జార్జి కోట కళాశాలలో ప్రధాన పండితులైన పట్టాభిరామశాస్త్రి గారు సమకూర్చిన తెలుగు ధాతువుల పట్టిక ఆ నిరూపణకు ఆధారమైనది. 1856లో కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల వ్యాకరణము వ్రాయుటకు 40 సంవత్సరముల ముందే, ఒక తెలుగు పండితుని శ్రమ ఫలితముగా ఈ సత్యము వెల్లడియైనది.

మరల పెనుబల్లిలో

ఇప్పుడు మన బాలిక తరగతిలోనికి పోదము. ఆమె ప్రక్కన ఒక కోయ బాలిక, ఒక లంబాడీ బాలిక కూర్చున్నారనుకొందము. ముగ్గురును తమ తమ ఇండ్లలోని అంకెలు చెప్పిరనుకొందము. లంబాడీ బాలిక తీన్, చార్, దస్ అనును. రష్యన్ లో అవి త్రీ, చెతీరె, దేస్యత్. సంస్కృతములో త్రి, చతుర్, దశ. అనగా లంబాడీ భాష సంస్కృతముతో పాటు రష్యన్ భాషకు కూడ దూరపు బంధువు. తెలుగులో మూడు, నాలుగు. కోయకు అతి సన్నిహితమైన గోండీలో మూండ్, నాలుంగ్. అనగా కోయ బాలిక భాషయు, తెలుగును ఒక కుటుంబమువి. అడవి అంచుననున్న ఆ ఒక్క తరగతి గదిలో ప్రపంచపు రెండు మహాభాషాకుటుంబములు ఒకే బల్లపై కూర్చున్నవి.

ఊరి పేరులో సైతము ధ్వని నియమము దాగియున్నది. పెనుబల్లిని పెను, పల్లి అని విడదీయవచ్చును. పెద్ద పల్లె అని అర్థము వచ్చును. ‘ప’కారము ‘బ’కారమగుట యాదృచ్ఛికమా? పెను, పాము కలిసినపుడు ‘పెనుబాము’ అగుచున్నది గదా. అదే నియమము. వస్తోకోవ్ పీటర్స్‌బర్గులో చేసిన పనికి, విద్యార్థులు తమ ఊరి పేరుతో చేయగల ఈ చిన్న పరీక్షకు పద్ధతి ఒక్కటియే.

ఇక ఆ బాలిక ప్రశ్నకు సమాధానము. “అమ్మా, నీ పేరునకు వెలుగు అని అర్థము. దానిని ఒక రష్యన్ కవి 1802లో కల్పించెను. నూరేండ్లకు పైగా ఆ పేరును జ్ఞానస్నానమున ఏ తల్లియు తన కూతురునకు పెట్టలేకపోయినది. నేడు నీవు దానిని స్వేచ్ఛగా ధరించియున్నావు. అది సంస్కృతమునుండి పోయినది కాదు. సంస్కృతములోని శ్వేతకు అక్కవంటిది. మన తెలుగు ధాతువునకు దానితో రక్తసంబంధము లేదు. అయినను తెలుపునకు, వెలుగునకు గల సంబంధమును తెలుగువారు ఎవరివద్దను నేర్చుకొనలేదు. తెల్ల అను మాటనుండియే తెల్లవారుట అను మాటను చేసికొనిరి. తెలియుట కూడ ఆ కోవలోనిదే.”

వెలుగు వచ్చుటయు, తెలియుటయు తెలుగులో ఒకే కుదురునుండి పుట్టినవి. పరాయిదని తోచిన ఒక పేరు చరిత్రను వెదకబోయి, మన మాటల చరిత్రను కొంత తెలిసికొంటిమి. ఏ పాఠశాలలోనైనను హాజరుపట్టీ ప్రతిదినము చదువబడుచునే యుండును. అందలి పేర్లలో ఇట్టి చరిత్రలు ఇంకను ఎన్నో, అడుగువారి కొరకు వేచియున్నవి.